మూడు వారాలకొక సూది

నాకు పదేళ్ళప్పుడు ఒక ఎండాకాలంలో గొంతు నొప్పి వచ్చి, నాలుగు రోజులు జ్వరం కాసి తగ్గిపోయింది. మా ఊళ్ళో పిల్లలందరికీ అట్లాంటివి వచ్చేవి, పోయేవి. ఎవరూ పట్టించుకోలేదు. రెండు మూడు వారాల తర్వాత ఒక పొద్దున లేవబోతే కుడి మోకాలు వాచిపోయి కాలు కింద పెట్టలేకపోయాను. రెండు రోజులకు ఆ వాపు దానంతట అదే తగ్గి ఎడమ చీలమండకు వచ్చింది. అది తగ్గేలోపల మోచేయి పట్టేసింది. మా అమ్మ ఆముదం కాచి రాసింది, ఆవాలు నూరి పట్టు వేసింది. జ్వరం మాత్రం వదల్లేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది.

మాది ఒంటిమిట్టకు దగ్గర్లో ఉన్న నేతవాళ్ళ ఊరు. ఏ ఇంట్లోకి తొంగిచూసినా మగ్గం కనిపించేది. నాయన పొద్దున మగ్గం గుంటలో కాళ్ళు పెడితే అన్నానికి తప్ప లేచేవాడు కాదు. అమ్మ చంకలో మా తమ్ముడు పాలు తాగే పిల్లాడు. నన్ను కడపకు తీసుకుపోయే మనిషి మా ఇంట్లో మా అత్త ఒక్కతే. ఆమె నాయనకు అక్క. చిన్నతనంలోనే పెళ్ళై, ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందో ఆమె చెప్పలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు. పొద్దంతా రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుట్టేది. ఆ రోజు రాట్నం పక్కకు జరిపి, మంచి చీర కట్టుకొని, నన్ను నడుముకెత్తుకొని బస్సెక్కింది. పదేళ్ళ పిల్లను అట్లా మోస్తూ వస్తుంటే బస్టాండులో జనం తిరిగి చూశారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

కడపలో డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు, మళ్ళీ విన్నాడు. తర్వాత అత్తను ఎదురుగా కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. గొంతులో వచ్చిన పుండు మామూలుదే, కానీ దానితో పోరాడబోయి ఒళ్ళు తన కీళ్ళనూ గుండెనూ తానే దెబ్బతీసుకుంటుందట. కీళ్ళు బాగైపోతాయి. గుండెలో గదికీ గదికీ మధ్య తలుపుల్లాంటివి ఉంటాయి, వాటిలో ఒకదానికి దెబ్బ తగిలింది, అది మానినా మచ్చ ఉండిపోతుంది. మళ్ళీ గొంతు నొప్పి వస్తే మళ్ళీ దెబ్బ, ఆ తలుపు ఇంకా పాడవుతుంది. అందుకని గొంతు నొప్పే రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి.

అత్త అంతా విని, ఎన్నేళ్ళు అని అడిగింది. పెద్దదయ్యేదాకా, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు అన్నాడు డాక్టరు. మధ్యలో మానేస్తే ఏమవుతుందని అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడు.

"అయితే మానంలే అయ్యా," అంది అత్త.

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పాలు పోయించుకోవడానికి ఒప్పుకున్నట్టుగా అనింది.

ఆ సూది గురించి వేయించుకున్నవాళ్ళకే తెలుస్తుంది. చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. దాంట్లో నీళ్ళు కలిపి ఊపితే చిక్కటి పాలలాగా అవుతుంది. లావు సూదితో తుంటికి వేస్తారు. ఆగితే సూదిలో గడ్డకడుతుందని నర్సమ్మ ఒక్క పట్టున నెట్టేసేది. కాలంతా బరువెక్కి రెండు రోజులు కుంటుకుంటూ నడిచేదాన్ని. ముందు చేతి మీద చుక్కంత మందు వేసి దద్దురు వస్తుందేమోనని అరగంట కూర్చోబెట్టేవాళ్ళు. ఆ అరగంటే నాకు భయం. అత్త నన్ను భయపడనిచ్చేది కాదు. బల్ల మీద పక్కన కూర్చున్నవాళ్ళు యాడ నుంచి వచ్చినారో, వాళ్ళకేం జబ్బో, ఇంటిదగ్గర ఎంతమందో అడిగి, ఆ కబుర్లన్నీ నాకు వినపడేలా సాగదీసేది. మంగంపేట గనుల్లో పనిచేసే ఆయన, ముగ్గురాయి దుమ్ముతో దగ్గుకుంటూ, ఆమెకు గని లోపల ఎంత లోతు ఉంటుందో చెప్పడం నాకు గుర్తుంది. ఆయన చెప్పడం ముగించేలోపల నా వంతు వచ్చి, అయిపోయింది కూడా.

సూది తర్వాత మేము నేరుగా ఇంటికి పోయేవాళ్ళం కాదు. నొప్పి పట్టకుండా నడవాలని ఆమె అనేది. నిజానికి కడప వీధులంటే ఆమెకు ఇష్టం. పెద్ద దర్గాకు తీసుకుపోయి నెమలీకల కట్టతో నా తల మీద తట్టించేది. స్టీలు సామాన్ల అంగడి ముందు నిలబడి ఏమీ కొనకుండా అన్నీ చూసేది. చివరికి సందులో ఉండే చిన్న హోటల్లో కారం దోశ తినేవాళ్ళం. పెనం మీదున్న దోశకు ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చేవాళ్ళు. ముక్కు కారుతున్నా వదిలేదాన్ని కాదు. ఒక కాలి మీదే బరువు వేసి వాలి కూర్చొని తినేదాన్ని కాబట్టి హోటలాయన నాకు గోడ పక్క చోటు ఉంచేవాడు. తిరుగు బస్సులో ఒంటిమిట్ట గోపురం కనపడగానే అత్త చెప్పులు విప్పి, కూర్చున్న చోటనే చేతులెత్తి మొక్కేది. నేను అప్పటికే ఆమె ఒడిలో సగం నిద్రలో ఉండేదాన్ని.

ఒక ఏడాది కడపలో ఏ మందుల షాపులోనూ ఆ సీసా దొరకలేదు. అగ్గువ మందు, దాంట్లో లాభం లేదు కాబట్టి ఎవరూ తెప్పించరని ఒక షాపాయన చెప్పాడు. ప్రొద్దుటూరులో ఉందేమో చూడమన్నాడు. అత్త నన్ను ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరికీ తెచ్చుకున్న సద్దిమూట నాకే ఇచ్చి, ఎక్కడికి పోతున్నదో చెప్పి వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఆమె ప్రొద్దుటూరు పోయింది లేదు. సాయంకాలం నీడలు పొడుగైనాక తిరిగొచ్చింది, కొంగుకు ముడేసిన సీసాతో. ముఖమంతా దుమ్ము. సూది వేయించాక బస్టాండుకు నడుస్తూ, "ప్రొద్దుటూరు ఎట్లుంటాదో అని శానా దినాల నుంచి అనుకుంటాంటి పాపా. చూసినట్టయింది," అంది.

బడిలో నన్ను పరుగెత్తనిచ్చేవాళ్ళు కాదు. ఆటల పీరియడులో వేపచెట్టు కింద అందరి చెప్పులకు కాపలా కూర్చునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అదేమంత బాధగా లేదు. బడి నుంచి ఇల్లు చేరేదాకా దావపొడుగునా మగ్గాల చప్పుడు, రంగు నూలు ఆరేసిన కర్రలు, పడుగు తీసే మగవాళ్ళు. నేను నిదానంగా నడిచేదాన్ని కాబట్టి అవన్నీ నాకు నిదానంగా కనపడ్డాయి.

డిగ్రీ చదువుతుండగా సంబంధాలు రావడం మొదలైంది. నా గుండె సంగతి ఊళ్ళో కొందరికే తెలుసు. పెళ్ళయ్యేదాకా చెప్పొద్దని నాయన అన్నాడు. చూస్తే ఆరోగ్యంగానే కనపడుతున్నది, ఏదో కీళ్ళ సూది అని తర్వాత చెప్పుకోవచ్చు అని ఆయన లెక్క. అమ్మ ఏడ్చి ఒప్పుకుంది. అత్త ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకుందనే అందరం అనుకున్నాం.

మొదటి సంబంధంవాళ్ళు వచ్చి, నన్ను చూసి, మాటలు ముహూర్తం దాకా వచ్చాక, ఆమె వంటింటి గడప దగ్గర నుంచి లేచి వచ్చింది.

"అన్నా, ఒక మాట చెప్పల్ల. మా పిల్లకు గుండెలో కొంచెం లోపం ఉండాది. పదేండ్ల పిల్లప్పటి నుంచి సూదులు వేయిస్తాండాం. ఇకమీద కూడా వేయించల్ల. తెలుసుకొని చేసుకుంటే చేసుకోండి."

వాళ్ళు మర్యాదగానే లేచారు. కబురు చేస్తామన్నారు, చేయలేదు. నాయన నెల రోజులు అత్తతో మాట్లాడలేదు. ఆమె కండెలు చుట్టి ఆయన పక్కన పెట్టేది, ఆయన తీసుకొని నేసేవాడు. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో మాట ఉండేది కాదు. నాకు అవమానంగా అనిపించింది, లోపల ఎక్కడో ఊరటగా కూడా అనిపించింది. ఆ సూది సంగతి దాచిపెట్టి నేను ఇంకొకరింట్లో ఎట్లా బతికేదాన్నో నాకు అప్పటికీ అర్థం కాలేదు.

రెండో సంబంధం ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. వాళ్ళూ నేతవాళ్ళే. అబ్బాయి కర్నూలులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఈసారి అత్త మాటల మధ్యలో దాకా ఆగలేదు, వాళ్ళు చాప మీద కూర్చోగానే చెప్పేసింది. అబ్బాయి తలెత్తి, "ఆ సూది కర్నూలులో దొరుకుతుందా?" అని అడిగాడు. నేను ఆయన నోట విన్న మొదటి మాట అదే. అత్త ఆయనను తేరిపార చూసి, దొరుకుతుందో లేదో తనకు తెలియదని, దొరక్కపోతే కడప నుంచి తానే పంపిస్తానని చెప్పింది.

వాళ్ళమ్మ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఆమెకు ఒక చెల్లెలు ఉండేదట. బిడ్డను కడుపున మోస్తున్నప్పుడు పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయేదట. కాన్పైన రెండో రోజు చనిపోయింది. గాలి సోకిందని ఊళ్ళో అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది. అత్త డాక్టరు చెప్పిన తలుపుల సంగతి ఆమెకు చెప్తుంటే విని, ఇట్లా అంది: "మా చెల్లెలికి కూడా చిన్నప్పుడు మోకాళ్ళు వాచినాయి. నాకు బాగా గుర్తుండాది. పెండ్లి మాట మల్ల మాట్లాడుదాం. ముందు ఆ డాక్టర్ని నేనొకసారి అడగల్ల."

అట్లా ఇంకా నిశ్చయం కాని పెళ్ళికి, కాబోయే అత్తగారు ఒక పక్క, మా అత్త ఒక పక్క, నడుమ నేను, ముగ్గురం డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన అప్పటికి ముసలివాడయ్యాడు. కొత్తగా తీసిన స్కానింగు చూసి, తలుపు కొంచెం ఇరుకైందని, పెళ్ళికి అడ్డం లేదని, బిడ్డను కనాలనుకుంటే మాత్రం నెల తప్పిన రోజు నుంచే గుండె డాక్టరు చూస్తుండాలని చెప్పాడు. ఒకరు చాలు, ఇద్దరు వద్దు అన్నాడు. అత్తగారు తన చెల్లెలి గురించి అడిగింది. చూడకుండా చెప్పలేనమ్మా, అయ్యుండొచ్చు అన్నాడు ఆయన. ఆమె బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకొని కొంగుతో ముఖం కప్పుకుంది. మా అత్త వెళ్ళి పక్కన నిలబడింది. ఆ నెలలోనే మా పెళ్ళి జరిగింది.

కర్నూలులో సూది దొరికింది, వేసేవాళ్ళు దొరకలేదు. పడకపోతే ప్రాణం మీదికి వస్తుందని క్లినిక్కులవాళ్ళు భయపడేవాళ్ళు. మా ఆయన నా చీటీలన్నీ పట్టుకొని వారం రోజులు తిరిగి, చివరికి ఒక ముసలి నర్సమ్మను ఒప్పించాడు. ఆమె ఉర్దూ కలిసిన తెలుగులో నన్ను బేటీ అని పిలిచేది.

నెల తప్పినప్పుడు అందరం సంతోషించాం, అందరం భయపడ్డాం. ఐదో నెల దాటాక భయమే నిజమైంది. మెట్లెక్కలేను. పడుకుంటే నీళ్ళలో మునిగినట్టు ఉండేది. ఒక దిండు, రెండు దిండ్లు, తర్వాత గోడకు ఆనుకొని కూర్చోవడం. నన్ను అట్లా చూసి మా అత్తగారు వణికిపోయింది. "దుడ్ల సంగతి తర్వాత. ఈ పొద్దే పోవల్ల," అని కొడుకును తొందరపెట్టింది. ఊరి నుంచి మా అత్త వచ్చేసింది. తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇరుకైన తలుపును బెలూనుతో తెరుస్తామని అక్కడి డాక్టరు చెప్పింది. తొడ దగ్గర నరంలో నుంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, ఇరుకైన చోట బెలూను ఊదుతారు. ఛాతీ కోయరు. బిడ్డకు ఎక్స్‌రే తగలకుండా నా పొట్టకు సీసపు బట్ట చుట్టారు. బరువుగా, చల్లగా ఉండింది. నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద ఏవో నీడలు కదులుతున్నాయి. ఇప్పుడు గుండె కొంచెం దడదడలాడుతుంది, భయపడొద్దు అంది డాక్టరు. దడదడలాడింది. తర్వాత ఎవరో కిటికీ తీసినట్టు గాలి వచ్చింది. గదిలో కిటికీ లేదు.

ఆ సాయంత్రం నేను చదునుగా, వెల్లకిలా పడుకున్నాను. అట్లా పడుకొని ఎన్ని వారాలైందో. అత్తలిద్దరూ మంచానికి చెరొక పక్క కూర్చొని నన్నే చూస్తున్నారు. పడుకోవడం కూడా చూడదగ్గ వేడుకే అన్నట్టు చూస్తున్నారు.

కాన్పు కర్నూలులో, నొప్పులు ఎక్కువ కానివ్వకుండా, గుండె డాక్టరు పక్కన ఉండగా అయింది. ఆడపిల్ల. ఆ వార్డులోనే ఇంకో సంగతి బయటపడింది. నాకు బీపీ చూడ్డానికి వచ్చిన నర్సు, పక్కనే ఉన్న మా అత్తకు తల తిరుగుతున్నదని విని, ఆమె చేతికి కూడా పట్టీ చుట్టింది. ఒకసారి చూసి నమ్మక, ఇంకో చేతికి చుట్టి చూసింది. వెంటనే డాక్టరును పిలుచుకొచ్చింది. అన్నేళ్ళు నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పిన మనిషి చేతికి అంతవరకూ ఎవరూ ఆ పట్టీ చుట్టలేదు. రోజూ ఒక మాత్ర, ఉప్పు తగ్గించాలి, ఊరగాయ మానేయాలి అన్నారు.

ఆమె ఒప్పుకోలేదు. "నాకేమైందప్పా? నేను గట్టిగా ఉండా," అని డాక్టరుతోనే వాదించింది. నాలుగు రోజులు మాత్ర వేసుకొని, తల తిరగడం లేదని మానేసింది. అప్పుడు నేను పిల్లను ఒళ్ళో పెట్టుకొని ఆమెతో చెప్పాను, నువ్వు మాత్ర మానిన రోజు నేనూ సూది మానేస్తానని. ఆమెకు కోపం వచ్చింది. నన్ను తిట్టింది. ఇట్లాంటి మాట నోటికెట్ల వచ్చిందని మా అత్తగారికి ఫిర్యాదు చేసింది. అన్నీ అయ్యాక లేచిపోయి, చెంబుతో నీళ్ళు తెచ్చుకొని, నా కళ్ళ ముందు మాత్ర వేసుకుంది.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఫోన్లో మొదటి పలకరింపు అదే అయింది. సూది అయిందా అని ఆమె, మాత్ర అయిందా అని నేను. ఊరుబిండి పచ్చడిలో ఉప్పు తగ్గితే రుచి లేదని సణిగేది. దొడ్డుప్పు అయితే ఫరవాలేదేమో డాక్టర్ని అడగమని నాతో అడిగించేది. ఫరవాలేదని ఎవరూ చెప్పలేదు. నిమ్మకాయ పిండుకొని తినడం నేర్చుకుంది. సంగటిలోకి అదే బాగుందని కొన్నాళ్ళకు మా ఊళ్ళో అందరికీ చెప్పసాగింది.

నాకు నలభై దాటాక ఒక పరీక్షరోజున కర్నూలు డాక్టరు, ఇక సూది అవసరం లేదు, ఆపేయొచ్చు అన్నాడు. తలుపు మళ్ళీ కొంచెం ఇరుకవుతున్నదని, అయితే తొందరేమీ లేదని, ఏడాదికొకసారి చూపించుకుంటే చాలని చెప్పాడు. నేను సంతోషించాల్సిన రోజది. ఆటోలో ఇంటికి వస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. మా ఆయన ఏమైందని అడిగితే, ఏమీ లేదన్నాను. అత్తకు ఫోన్ చేశాను. "మంచిదే కదా పాపా," అంది ఆమె. ఇంకాసేపటికి, కడప బస్టాండు కొత్తగా కట్టినారంట, నేనింకా చూడలేదు అంది.

రెండేళ్ళ కింద ఆమె పోయింది. గుండెతో కాదు, బీపీతో కాదు. వయసైపోయి, నాలుగు రోజులు అన్నం వద్దని, ఐదో రోజు నిద్రలో పోయింది. చివరిదాకా మాత్రలు వేసుకుంది. నాయన మగ్గం ఎప్పుడో ఎత్తేశాడు. ఇప్పుడు మా వీధిలో రెండిళ్ళల్లో మాత్రమే చప్పుడు వినపడుతుంది. నా కూతురు ఈ ఏడాది డిగ్రీలో చేరింది. చిన్నప్పుడు దానికి గొంతు నొప్పి వచ్చిన ప్రతిసారీ నేను ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తేదాన్ని. అదంతా అతి అని అది ఇప్పుడు నవ్వుతుంది. నవ్వనిస్తాను.

నాకు పన్నెండో పదమూడో ఏట, సూది వేయించుకొని వస్తుంటే, సిద్ధవటం దగ్గర పెన్నకు నీళ్ళొచ్చాయని బస్సులో ఎవరో అన్నారు. ఆ ఏడాదంతా నదిలో ఇసుకే. అత్త కండక్టరును బస్సు ఆపమని, నన్ను దించి, ఇంకో బస్సు పట్టుకొని సిద్ధవటం తీసుకుపోయింది. కోట పక్కన ఒడ్డు నిండా జనం. పండగకు వచ్చినట్టు పిల్లాపాపలతో వచ్చారు. నీళ్ళు ఎర్రగా, చెత్తాచెదారం మోసుకుంటూ పోతున్నాయి. నేను కుంటుకుంటూ దిగలేనని గట్టు మీదే నిలబడితే, అత్త చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తిపట్టుకొని తానొక్కతే అంచుదాకా దిగింది. మోకాటి లోతు దాకా కూడా పోలేదు. పాదాలు తడిపి, దోసిట్లో నీళ్ళు పట్టుకొని, వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నా గట్టు ఎక్కి నా దాకా తెచ్చి, మిగిలిన తడితో నా ముఖం తుడిచింది. శానా చల్లగా ఉండాయి కదా అంది. అవును అన్నాను. ఆఖరి బస్సుకు టైమైందని ఎవరో చెప్పేదాకా మేమిద్దరం అక్కడే నిలబడి నీళ్ళు చూస్తూ ఉన్నాం.